హంగుల్ గడిలో కింది అర

కొరియన్ లిపి హంగుల్ గంటలో వచ్చేస్తుందని యూట్యూబ్‌లో ఏ వీడియో తెరిచినా చెబుతారు. ఈ మాట ఇప్పటిది కాదు. 1446లో సెజోంగ్ రాజు ఈ లిపిని విడుదల చేసినప్పుడు దాంతోపాటు ఒక వివరణ గ్రంథం కూడా వచ్చింది. దానికి చివరిమాట రాసిన జొంగ్ ఇంజీ అనే పండితుడు, తెలివైనవాడికి పూట గడవకముందే, మందబుద్ధికైనా పది రోజుల్లో ఈ అక్షరాలు పట్టుబడతాయని రాశాడు. ఆనాటి లిపికి ఆ మాట సరిపోయింది. ఇవాళ్టి కొరియన్ రాతకు సగమే సరిపోతుంది. అక్షరాలు నిజంగానే ఒక పూటలో వస్తాయి. అవి కలిసి ఒక్కో పలుకుకు ఒక్కో గడిగా కట్టుకునే పద్ధతి, అందులోనూ గడి అడుగున కూర్చునే హల్లు, అంత తేలిగ్గా లొంగదు. తెలుగు చదివిన కంటికి అది తప్పుగా కనబడటానికి వేరే కారణం కూడా ఉంది. అయితే ఆ కింది అరలోని కష్టాన్ని లిపి లోపంగా చూడటం నాకు నచ్చదు. కొరియన్లు దాన్ని తెలిసే తెచ్చిపెట్టుకున్నారు, వద్దన్నవాళ్లతో పోట్లాడి మరీ నిలబెట్టుకున్నారు. మంచి పనే చేశారని నా అభిప్రాయం.

ముందు ముక్కల సంగతి. విడి అక్షరాన్ని కొరియన్‌లో జామో అంటారు. మూల హల్లులు 14, మూల అచ్చులు 10. అయిదు హల్లులను జంటగా రాస్తే గొంతు బిగించి పలికే క్క, త్త, ప్ప, స్స, చ్చ వస్తాయి, దాంతో హల్లులు 19 అవుతాయి. అచ్చులను ఒకదానికొకటి అతికిస్తే 21 అవుతాయి. జామోను ఒంటరిగా రాయరు. చాటింగ్‌లో నవ్వు కోసం వరసగా ఖ్ ఖ్ ఖ్ అని కొట్టడం లాంటివి వదిలేస్తే, ప్రతిదీ గడిలో కూర్చోవాల్సిందే. గడికి కనీసం ఒక హల్లు, ఒక అచ్చు ఉండాలి.

మరి పలుకు అచ్చుతోనే మొదలైతే? హల్లు చోటు ఖాళీగా వదలరు, సున్న పెడతారు. దానికి అక్కడ శబ్దం లేదు. అదే సున్న గడి అడుగున వస్తే మాత్రం ఙ్ అని పలుకుతుంది. గంగ అని రాసేటప్పుడు మన సున్న చేసే పని సరిగ్గా అదే కాబట్టి మనకు ఇది గుర్తుంచుకోవడం సులువు. సెజోంగ్ నాటికి ఇవి రెండు వేర్వేరు అక్షరాలు: ఒకటి ఉత్త సున్న, ఇంకోటి నెత్తిన చిన్న గీత ఉన్న సున్న. కాలక్రమంలో రెండూ ఒకే ఆకారమైపోయాయి. చోటును బట్టే తేడా తెలుస్తుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

గడిలో ఏది ఎక్కడ కూర్చోవాలో అచ్చు ఆకారమే తేలుస్తుంది. అచ్చు నిలువు గీత మీద కట్టినదైతే హల్లుకు కుడిపక్కన నిలబడుతుంది; అ, ఒ, ఇ, ఎ లాంటివి ఈ జట్టు, మొత్తం 9. అడ్డగీత మీద కట్టినదైతే హల్లు కింద పడుకుంటుంది. ఓ, ఉ, వాటికి య చేరిన రూపాలు, పెదవులు చుట్టకుండా పలికే ఇంకో ఉ, మొత్తం 5. రెండూ కలిసినవి 7: ఇవి హల్లు కింద మొదలై కుడివైపుకు తిరిగి దాన్ని చుట్టుకుంటాయి. ఈ మూడు అమరికల్లో ఏ గడికైనా అడుగున ఇంకో హల్లు చేరవచ్చు, చేరకపోవచ్చు. అంటే గడి నమూనాలు ఆరే. రాసే వరస ఎప్పుడూ పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడుగు హల్లు ఆఖరున.

చేత్తో రాసేటప్పుడు కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పై హల్లునూ అచ్చునూ గడి నిండా రాసేస్తారు. అప్పుడు అడుగు హల్లుకు చోటు మిగలదు, అది గీత దాటి కిందికి జారి వేరే వరసలోని అక్షరంలా కనిపిస్తుంది. అడుగున హల్లు ఉంటుందని ముందే తెలిసి, పైవాటిని గడిలో పై సగానికి కుదించాలి. ఇంకో చిక్కు గ. పైన అడ్డంగా వెళ్లి కుడిమూల దగ్గర కిందికి దిగే ఒకే గీత అది. పక్కన నిలువు అచ్చు ఉంటే దాని కాలు ఎడమవైపుకు వాలుతుంది. కింద అడ్డం అచ్చు ఉంటే కాలు తిన్నగా దిగుతుంది. గడి అడుగున పడితే మొత్తం చదునుగా సాగిపోతుంది. ఒకే గ మూడు చోట్ల మూడు రకాలు. అచ్చుపుస్తకం చూసి ఒకటే రూపం నేర్చుకుని అన్నిచోట్లా అదే రాస్తే చదవడానికి వీలుంటుంది కానీ, పరాయి చేతిరాతని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

చుట్టుకునే అచ్చుల్లో ఇంకో పొరపాటు ఉంది. ఓ కింద పెట్టి పక్కన ఒ నిలబెట్టేస్తారు. అలాంటి గడి లేదు. కొరియన్ అచ్చుల్లో రెండు జట్లు ఉన్నాయి, అ, ఓ ఒక జట్టు, ఒ, ఉ ఇంకో జట్టు. అ, ఒ రెండింట్లో ఓ పక్కన అ మాత్రమే నిలబడుతుంది, ఉ పక్కన ఒ మాత్రమే. అది వా, ఇది వొ. ఈ జట్టు నియమం తెలిస్తే ఏడు చుట్టుడు అచ్చుల్లో ఏదీ బట్టీ పట్టక్కర్లేదు.

ఇది వత్తు కాదు

అడుగు హల్లును బత్చిమ్ అంటారు, అంటే కింద పెట్టిన ఆనిక. తెలుగువాళ్లకు దాని చోటే ప్రమాదం. హల్లు కింద ఇంకో హల్లు కనిపించగానే మన కన్ను దాన్ని వత్తుగా చదివేస్తుంది. క కింద ల ఉంటే క్ల. పై హల్లు, కింది హల్లు, ఆ తర్వాతే అచ్చు: ఇది మన వరస. కొరియన్ గడిలో పైన గ, పక్కన అ, కింద ల ఉంటే అది గల్. పై హల్లు, అచ్చు, ఆఖరున కింది హల్లు. కాబట్టి బత్చిమ్‌కు తెలుగులో సరైన జోడీ వత్తు కాదు, పొల్లు. రామన్, గుడిలోన్ అని పాతకాలం పద్యాల్లో నకారప్పొల్లు రాసేవాళ్లం చూడండి, ఆ పొల్లు అక్షరాన్ని ముందు అక్షరం కడుపులోకి తోసేస్తే వచ్చేది కొరియన్ గడి.

తేడా ఇంకా లోతుగా ఉంది. తెలుగు అక్షరం అచ్చు దగ్గర ఆగుతుంది, ఆ తర్వాతి హల్లు ఏదైనా సరే వచ్చే అక్షరంలోకి వెళ్లిపోతుంది. భక్తి అని నోటితో పలికితే విరుపు భక్, తి. రాస్తే విరుపు భ, క్తి. కొరియన్ రాత నోటి విరుపునే పట్టుకుంటుంది. అమ్మను కొరియన్ పిల్లలు ఒమ్మా అని పిలుస్తారు. మనం రాస్తే ఒ, మ్మా. వాళ్లు రాస్తే మొదటి గడిలో సున్న, ఒ, అడుగున మ. రెండో గడిలో మ, అ. రెండు మలు రెండు ఇళ్లలో ఉన్నాయి. ఇప్పుడు నాన్నను పిలిచే అప్పా చూడండి. చెవికి ఒమ్మా, అప్పా ఒకే తూకంలో ఉంటాయి. రాతలో అప్పా మొదటి గడి ఉత్త అ, అడుగున ఏమీ లేదు. రెండో గడి పైన జంట ప్ప, పక్కన అ. ఎందుకంటే కొరియన్‌లో ప్ప రెండు హల్లుల కలయిక కాదు, బిగించి పలికే ఒకే హల్లు, దాన్ని చీల్చి సగం పై గడికి ఇవ్వడం కుదరదు. విని రాసే తెలుగు విద్యార్థి ఈ రెండు మాటల్లో ఒకదాన్నైనా తప్పు రాస్తాడు.

గడి పైభాగంలో ఒకే హల్లుకు చోటుంది. అందుకే మన సంయుక్తాక్షరాలు కొరియన్‌లోకి వెళ్లేసరికి విడిపోతాయి, మధ్యలో పెదవి చుట్టని ఆ ఉ వచ్చి చేరుతుంది. శ్రీ రెండు గడులు అవుతుంది, స్త్రీకి మూడు గడులు పడతాయి. ప్రసాద్ అని రాయాలంటే నాలుగు: పు, ర, స, దు అని చదివినట్టుంటుంది. కృష్ణ కూడా నాలుగే: ఖు, రి, ష్యు, న. తెలుగులో అయిదక్షరాల ఆంధ్రప్రదేశ్ కొరియన్‌లో ఏడు గడులు. చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్ల పేర్లు అక్కడి బ్యాంకు కాగితాల మీద సాగిపోయి కనిపించేది ఇందుకే.

తెలుగు అనే మాటనే తీసుకుందాం. వాళ్లు రాసేది మూడు గడులు. మొదటిది త, ఎ, అడుగున ల. రెండోది ల, ఉ. మూడోది గ, ఉ. ఒక్క ల కోసం రెండు లలు ఎందుకు? కొరియన్‌లో ర, ల రెండింటికీ ఒకటే అక్షరం. అది రెండు అచ్చుల మధ్య ఒంటరిగా పడితే ర అని పలుకుతుంది. ల అని పలకాలంటే ముందు గడి అడుగున ఒకటి, తర్వాతి గడి నెత్తిన ఒకటి పెట్టాలి. మొదటి గడి అడుగున ల తీసేసి చూస్తే అది తెరుగు అయిపోతుంది. తెలంగాణకూ ఇదే లెక్క, తెల్, లంగ్, గ, న అని నాలుగు గడులు.

ఇరవై ఏడు రాతలు, ఏడు శబ్దాలు

ఇప్పుడు అసలు విషయం. అడుగు అరలో కూర్చోగలిగినవి 27. వాటిలో 14 మూల హల్లులు, జంటల్లో క్క, స్స రెండే. మిగతా మూడు జంటలు అడుగున రావు. ఇంకో 11 జోడు హల్లులు: పక్కపక్కన ప స, ల గ, ల మ, న జ ఇలాంటివి. ఇంతా చేసి గడి అడుగున నోరు నిజంగా పలికే శబ్దాలు ఏడే: క్, న్, త్, ల్, మ్, ప్, ఙ్. మిగతావన్నీ ఈ ఏడింట్లో ఏదో ఒకటిగా మారిపోతాయి. స, జ, ఛ, థ, హ అన్నీ అక్కడ త్ అవుతాయి.

నత్ అనే శబ్దం వినిపిస్తే అది కొడవలి కావచ్చు, పగలు కావచ్చు, ముఖం కావచ్చు, గింజ కావచ్చు. చెవికి నాలుగూ ఒకటే. కంటికి నాలుగూ వేరు: కొడవలికి అడుగున స, పగటికి జ, ముఖానికి ఛ, గింజకు ద. పలకని తేడా రాతలో ఎందుకు? ఆ మాట పక్కన ఇ అనే కర్త ప్రత్యయం పెట్టి చూడండి. కొడవలి నసి అవుతుంది, పగలు నజి అవుతుంది, ముఖం నఛి అవుతుంది. అచ్చు రాగానే అడుగున దాక్కున్న హల్లు తన అసలు గొంతుతో బయటికి వస్తుంది. కొరియన్ రాత ఆ అసలు హల్లును ఎప్పుడూ అక్కడే ఉంచుతుంది, అది వినిపించినా వినిపించకపోయినా.

ధర అనే మాట దీనికి మంచి ఉదాహరణ. ఒకే గడి: పైన గ, అ, అడుగున ప, స పక్కపక్కన. తొమ్మిది గీతలు. ఒంటరిగా పలికితే గప్, స వినబడదు. ఇ చేరిస్తే గప్సి, స లేచి వచ్చింది. కూడా అనే అర్థమున్న తో చేరిస్తే గప్తో, స మళ్లీ పోయింది. మాత్రమే అనే అర్థమున్న మన్ చేరిస్తే గమ్మన్. ఇక్కడ ప కూడా మిగల్లేదు, పక్కనున్న మ గాలికి తనూ మ అయిపోయింది. నాలుగు చోట్ల నాలుగు శబ్దాలు. రాతలో ఆ గడి ఒక్క గీత కూడా మారదు. కోడికి గడి ద, అ, అడుగున ల, గ. ఒంటరిగా దక్, ఇ చేరితే దల్గి. పువ్వుకు క్క, ఓ, అడుగున ఛ. ఒంటరిగా క్కోత్, ఇ చేరితే క్కోఛి, మన్ చేరితే క్కోన్మన్.

మన రాత దీనికి ఎదురు దారి. పది, ఏళ్లు కలిస్తే పదేళ్లు అని రాస్తాం. పది ఎక్కడ అయిపోయిందో, ఏళ్లు ఎక్కడ మొదలయ్యాయో కంటికి కనిపించదు, చెవికి వినిపించినదే కాగితం మీద ఉంటుంది. కన్ను బహువచనంలో కళ్లు అయితే రాత కూడా కళ్లు అయిపోతుంది. మన భాషకు అది బాగానే నడుస్తోంది. కొరియన్‌లో అలా చేస్తే ధర అనే మాటకు ఒక్కో ప్రత్యయం ముందు ఒక్కో స్పెల్లింగు వస్తుంది, నిఘంటువులో వెతకాలంటే ముందు సంధి విడదీయాలి. చదివేవాడి కంటికి మాట మొదలు ఎప్పుడూ ఒకే బొమ్మగా కనపడటం గడి ఇచ్చే అసలు లాభం. పేజీ మీద చూపు పరుగెత్తేటప్పుడు అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు, గడి గుర్తుపడితే చాలు.

ఈ గొడవ లిపితో పాటే పుట్టింది. 1446 నాటి ఆ వివరణ గ్రంథమే అడుగున ఎనిమిది హల్లులు చాలు అంటుంది. బేరి పువ్వు అనే మాటలో అడుగున జ ఉండాలి, నక్క తోలు అనే మాటలో ఛ ఉండాలి, అయినా రెండుచోట్లా స రాసేస్తే సరిపోతుందని ఉదాహరణతో సహా చెబుతుంది. ఆ పైన వందల ఏళ్లు జనం శబ్దాన్ని పట్టే రాశారు. అడుగు హల్లు పక్కన అచ్చు వస్తే దాన్ని తర్వాతి గడిలోకి దొర్లించేసేవాళ్లు, అచ్చం మన పద్ధతిలా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జు సి గ్యొంగ్ అనే భాషావేత్త మాట మూలాన్ని చెదరకుండా రాయాలని పట్టుబట్టాడు. 1914లో చనిపోయాడు. ఆయన శిష్యులు నడిపిన కొరియన్ భాషా సంఘం 1933లో అదే సూత్రం మీద ఏకీకృత రాత నియమాలు ప్రకటించింది. అప్పుడు దేశం జపాను చేతిలో ఉంది. 1942లో ఆ సంఘం వాళ్లను అరెస్టు చేశారు, ఇద్దరు జైల్లోనే పోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక దాడి సొంత ఇంట్లోంచే వచ్చింది. పాత రాతకు అలవాటు పడ్డ దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ కొత్త స్పెల్లింగు అనవసరపు చిక్కని 1953లో దాన్ని సరళం చేయమని ఆదేశించాడు. 1954లో ప్రభుత్వం ప్రణాళిక ప్రకటించింది. అడుగు అరను బాగా ఖాళీ చేసి వినిపించినట్టే రాయడం దాని సారాంశం. పండితులు, ఉపాధ్యాయులు, పత్రికలు ఎదురు తిరిగారు. 1955 సెప్టెంబరులో అధ్యక్షుడే వెనక్కి తగ్గాడు. గట్టి చేతి పాలకుడు స్పెల్లింగు దగ్గర ఓడిపోయిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు. సరళం చేయడమంటే ఎప్పుడూ మంచిదే అనుకునేవాళ్లు ఈ కథ ఒకసారి చూడాలి. రాసేవాడికి మిగిలే శ్రమ చదివేవాడి నెత్తిన పడుతుంది, ఒక రాతను చదివేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ.

జు సి గ్యొంగ్ దగ్గరే ఒక వైరుధ్యం ఉంది. మూలాన్ని కాపాడాలన్న ఆయనే గడులు తీసేసి రోమన్ లిపిలా జామోలను వరసగా రాద్దామని కూడా అన్నాడు. శిష్యుడు ఛ్వే హ్యొన్ బే ఆ వాదాన్ని చాలాకాలం మోశాడు. అచ్చుకూ టైపుమిషన్‌కూ అది తేలికన్నది వాళ్ల లెక్క. కానీ గ, అ, ప, స, ఇ అని వరసగా పరిస్తే ధర ఎక్కడ ముగిసిందో ప్రత్యయం ఎక్కడ మొదలైందో మళ్లీ కనబడకుండా పోతుంది. మొదటి సంస్కరణ తెచ్చిన లాభాన్ని రెండోది మింగేస్తుంది. ఆయన మొదటి మాట గెలిచి రెండోది ఓడిపోవడం భాష అదృష్టం.

యంత్రాలు గడిని ఎలా మోశాయి

టైపుమిషన్ వాదంలో మాత్రం బలం ఉండేది. 11,172 గడులకు మిషన్‌లో మీటలు పెట్టలేరు. ఆ లెక్క 19 పై హల్లులు, 21 అచ్చులు, అడుగున 27 హల్లులో ఖాళీయో కలిపి 28: మూడూ గుణిస్తే వచ్చేది. గొంగ్ బ్యొంగ్ ఊ అనే కంటి డాక్టరు 1949లో మూడు జట్ల మీటలతో మిషన్ కట్టాడు: పై హల్లులు ఒక జట్టు, అచ్చులు ఒక జట్టు, అడుగు హల్లులు ఇంకో జట్టు. వేగంగా కొట్టొచ్చు. అందంగా ఉండదు. గడి కుదించుకోలేదు కాబట్టి అడుగు హల్లు ఉన్నవి పొడుగ్గా దిగుతాయి, లేనివి పైనే ఆగిపోతాయి. తాడు మీద ఆరేసిన బట్టల్లా పైఅంచు సమంగా, కింది అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ అచ్చుకు కొరియన్లు పెట్టిన పేరు కూడా అదే.

కంప్యూటర్లలో చవకైన ఉపాయం ఇంకోటి వచ్చింది. ఒక్కో పై హల్లుకు 8 ఆకారాలు, ఒక్కో అచ్చుకు 4, ఒక్కో అడుగు హల్లుకు 4 గీసి పెట్టుకుని, గడిని బట్టి సరైనవి ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చడం. మొత్తం 344 బొమ్మలతో 11,172 గడులూ వచ్చేస్తాయి. తెర మీద మొరటుగానే ఉండేవి, కానీ లేని గడి అంటూ ఉండేది కాదు. ప్రభుత్వ ప్రమాణం మాత్రం వేరే దారి పట్టింది. 1987 నాటి సంకేత పట్టిక తరచుగా వాడే 2,350 గడులనే తయారు రూపంలో పెట్టుకుని మిగతా 8,822 వదిలేసింది. దాని ఫలితం ఏమిటంటే, 1990లో ఒక టీవీ సీరియల్ పేరు మొదట్లో ఉన్న త్తోమ్ అనే గడిని కంప్యూటర్లో కొట్టడం కుదరలేదు. జీపును కొందరు రాసే పద్ధతిలోని చ్చిప్ గడీ లేదు. అక్షరాలన్నీ ఉన్నా మాట రాయలేకపోవడం హంగుల్‌కు అంతకుముందు ఎన్నడూ లేని జబ్బు.

1996లో ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం రెండో రూపం మొత్తం 11,172 గడులనూ వరసగా పెట్టింది. దాంతో ఒక అందమైన లెక్క కుదిరింది. హల్లు వరస సంఖ్యను 21తో గుణించి అచ్చు సంఖ్య కలపాలి. వచ్చినదాన్ని 28తో గుణించి అడుగు హల్లు సంఖ్య కలపాలి. దానికి 44,032 కలిపితే గడి సంకేతం. హల్లులు, అచ్చులు సున్నా నుంచి లెక్క, అడుగున సున్నా అంటే ఖాళీ. తెలుగులోని మొదటి గడికి త వరసలో 16, ఎ వరసలో 5, అడుగు ల వరసలో 8. 16ను 21తో గుణిస్తే 336, అయిదు కలిపితే 341, 28తో గుణిస్తే 9,548, ఎనిమిది కలిపితే 9,556. మొత్తం 53,588. వెనక్కి భాగిస్తే ముక్కలు మళ్లీ చేతికొస్తాయి. మన క్తికి ఇలాంటి సొంత సంఖ్య లేదు. క, పొల్లు, త, గుడి అని నాలుగు సంకేతాలు వెళతాయి, వాటిని కలిపి బొమ్మ కట్టడం ఫాంటు పని. ఆ కట్టడంలో తేడా వస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం, జ్ఞా అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి.

కొరియన్‌కూ ముక్కల తలనొప్పి పూర్తిగా పోలేదు. యూనికోడ్‌లో విడి జామోలకూ సంకేతాలున్నాయి. మాక్‌లో పెట్టిన కొరియన్ ఫైలు పేరు ముక్కలుగా విడిపోయి నిల్వ అవుతుంటుంది. మాక్ తెర మీద గడిగానే కనిపిస్తుంది. అదే ఫైలు విండోస్‌కు పంపితే పేరు జామో జామోగా చెల్లాచెదురై కనబడుతుంది, వెతికితే దొరకదు. ఫైలు చెడిపోలేదు. పేరును తిరిగి గడులుగా కలిపే చిన్న ప్రోగ్రాం నడిపినా, పేరు మళ్లీ చేత్తో టైపు చేసినా సరిపోతుంది.

టైపు చేయడం విషయానికొస్తే, మామూలు కొరియన్ కీబోర్డులో హల్లులు ఎడమ చేతికి, అచ్చులు కుడి చేతికి ఉంటాయి. అడుగు హల్లుకు వేరే మీట లేదు. తెలుగు అని కొట్టడానికి ఏడు మీటలు: త, ఎ, ల, ల, ఉ, గ, ఉ. ఆరో మీట గ కొట్టగానే అది రెండో గడి అడుగున చేరి లుగ్ అని కనిపిస్తుంది. ఏడో మీట ఉ పడగానే ఆ గ అక్కడి నుంచి లేచి కొత్త గడి నెత్తికి దూకుతుంది. ఒకచోట వెలిగి ఇంకోచోటికి గెంతే దీన్ని కొరియన్లు దయ్యపు మంట అంటారు. కొత్తవాళ్లు తప్పు పడిందనుకుని వెంటనే చెరిపేస్తారు. చెరపకుండా ముందుకు కొట్టుకుంటూ పోవాలి.

ఎలా నేర్చుకోవాలి

రాతకూ నోటికీ ఉన్న దూరం చూడాలంటే సోల్ (సియోల్) మెట్రో బోర్డులు చాలు. బోర్డు మీది కొరియన్ గడులు మూలాన్ని రాస్తాయి, కింద రోమన్ లిపి నోటిని రాస్తుంది. వాంగ్సిమ్ని అని పిలిచే స్టేషన్ గడులు వంగ్, సిప్, రి. ఙ్, మ్, ప్ లాంటి హల్లుల వెనక ర వస్తే న అవుతుంది, ఆ న ముందు ప్ మ్ అవుతుంది. జొంగ్నో గడులు జొంగ్, రో. సొల్లుంగ్ గడులు సొన్, రుంగ్. న, ర ఎదురైతే రెండూ ల అవుతాయి. పాత రాజ్యం సిల్లా కూడా గడుల్లో సిన్, రా. గడులను ఒక్కొక్కటిగా విడివిడిగా చదివితే స్టేషన్ పేరు చెప్పినా ఎదుటివాడికి అర్థం కాదు.

అందుకే తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకుని నేర్చుకునే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. గమ్మన్ అని నోట్‌బుక్‌లో రాసుకున్నవాడికి అందులో ధర ఉందని ఎప్పటికీ తెలియదు. దానికి బదులు, అడుగు హల్లు ఉన్న ఏ నామవాచకాన్నైనా మూడు తోకలతో కలిపి నోటికి పట్టించండి: ఇ, తో, మన్. ఇ అసలు హల్లును బయటపెడుతుంది, తో అది మూసుకుపోయే తీరు చూపుతుంది, మన్ అది ముక్కులోకి మారే తీరు చూపుతుంది. క్రియలకైతే ద, గో, ఒ అనే మూడు తోకలు. చదవడం అనే క్రియకు అడుగున ల, గ ఉన్నాయి: ఇక్తా, ఇల్కో, ఇల్గొ. ద ముందు ల పోయింది, గ ముందు ల మిగిలింది.

జోడు హల్లులు పదకొండింట్లో ఎనిమిదింటికి ఎడమది పలుకుతుంది, మూడింటికి కుడిది. ఆ మూడు: ల గ, ల మ, ల ఫ. ఈ లెక్కకు లొంగనిది ల ప జోడు. వెడల్పు అనే అర్థమున్న మాటలో ఎడమది పలికి నొల్తా అవుతుంది, తొక్కడం అనే మాటలో కుడిది పలికి పప్తా అవుతుంది. దీనికి కారణం వెతక్కండి, మాట మాటగా గుర్తుపెట్టుకోవడమే. అడుగున థ ఉండి పక్కన ఇ వస్తే ఛి అవుతుంది. కలిసి అనే అర్థమున్న గాఛి అందుకే గడుల్లో గథ్, ఇ. అడుగున హ ఉండి పక్కన అచ్చు వస్తే హ మాయమవుతుంది. సీరియళ్లలో వినే జోఆ గడుల్లో జోహ్, అ.

ఇక మామూలు జనం నోట్లో ఈ నియమాలన్నీ పూర్తిగా నిలబడతాయని అనుకోవద్దు. కోడి మాటకు ఇ చేరిస్తే ప్రామాణిక ఉచ్చారణ దల్గి. సోల్‌లో చాలామంది దగి అనేస్తారు. ధర విషయంలోనూ గప్సి బదులు గబి వినిపిస్తుంటుంది. పరీక్షలో దల్గి, గప్సి అనే పలకాలి, బజారులో దగి, గబి వింటే అవే మాటలని గుర్తుపట్టాలి. రాసేటప్పుడు ఈ ఆలోచనే అక్కర్లేదు: ద, అ, అడుగున ల, గ.